అయ్యగారి కొత్త బండి

"ఈ పూట ఏం వంక పెట్టబోతుండావమ్మా? మొదటి షోరూములో సీటు ఎత్తన్నావు. రెండోదాంట్లో ఎరుపు రంగు పాస్టరు గారికి నప్పదన్నావు. ఇంక మిగిలింది హారన్ మోతే," అంది కెజియా.

కరుణాకుమారి చిలక్కొయ్యకు తగిలించిన భర్త తెల్లచొక్కా జేబులోంచి డ్రైవింగు లైసెన్సు తీసింది. బియ్యం డబ్బా మూత తెరిచి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున దాచింది. ఇరవై రెండేళ్ళుగా పాస్టరు భార్యగా ఉన్న మనిషి చేసే పనేనా ఇది! చేసింది మరి. చేసి, చేతికంటిన తవుడు కొంగుకు తుడుచుకుంది.

"ఈ రోజు లైసెన్సు దాస్తావు. రేపు తాళాలు దాస్తావు. ఎల్లుండి బండినే దాస్తావా?"

"మెల్లగా మాట్లాడవే. బయట మాథ్యూ గారుండారు."

"ఉండనీ. ముందు చెప్పాల్సింది ఆయనకే."

"చెప్పి?" కరుణాకుమారి గిరుక్కున తిరిగింది. "చెప్పి ఎక్కడికి పోదాం? ఈ ఇల్లు మనదా? మిషన్‌ది. అయ్యగారికి చూపు పోతుండాదని తెలిస్తే పై నుంచి ఉత్తరం రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? మీ నాన్నకి ఇంకా నాలుగేళ్ళ సేవ ఉండాది. నీ నర్సింగు సగంలో ఉండాది."

"అందుకని పక్క చూపు లేని మనిషిని రోడ్డు మీదికి తోలతామా? నీటికాసులని డాక్టరు ఎనిమిది నెలల కిందటే చెప్పలా? గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉండేది తప్ప పక్కనుండేది కనపడదని చెప్పలా? పోయిన చూపు మళ్ళీ రాదని..."

"నేనా తోలేది? ఆపాలనేగా నా తిప్పలన్నీ!"

"ఆపాలంటే ఒక్క మాట చాలమ్మా. నిజం."

ఆ ఒక్క మాటే కరుణాకుమారి గొంతు దాటి రావడం లేదు. నెల కిందట, టైటస్ అయ్యగారు పాత మోపెడ్డుతో సహా కాలవలో పడ్డ సాయంత్రమే వచ్చి ఉండాల్సింది. కొత్తపాళెం జనమంతా ఇంటి ముందు మూగి, "ఎట్టా పడినారయ్యా?" అని అడిగారు. ఆయన నోరు తెరవకముందే, "బ్రేకులు పట్టలేదంట," అని ఈవిడ అనేసింది. అయ్యగారు భార్య వంక ఒక్కసారి చూసి, తెరవబోయిన నోరు మూసుకున్నారు. తప్పు మోపెడ్డు మీదికి పోయింది. దానికి నోరు లేదు కదా, ఊరుకుంది.

ఊరుకోనిది మాథ్యూ. రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేసే మాథ్యూ ఆ సంఘానికి పెద్ద. ఆ మోపెడ్డుకు బ్రేకులు బిగించింది కూడా ఆయనే. రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆదివారం ఆరాధన కాగానే లేచి నిలబడి, "నా చేతి పని వల్ల అయ్యగారు పడినారు. ఆయన్ని కొత్త బండి మీద కూర్చోబెట్టేదాకా నాకు నిద్ర పట్టదు," అన్నాడు. సంఘమంతా ఆమేన్ అంది. చందాలు పోగయ్యాయి. షోరూములు తిరగడం మొదలైంది. ప్రేమతో ఇస్తామంటే వద్దనేదెట్లా? కరుణాకుమారి ఆడిన చిన్న అబద్ధం గేర్లతో సహా తిరిగి ఇంటికి రాబోతోంది.

టైటస్ గారు స్నానం ముగించి వచ్చి చొక్కా తొడుక్కున్నారు. యాభై ఆరేళ్ళ మనిషి మొహం పండగ పూట పిల్లాడి మొహంలా ఉంది.

"ఏంది తల్లీకూతుళ్ళ గుసగుసలు? పదండి, పదండి. మాథ్యూ ఎండలో నిలబడి ఉంటాడు."

గుమ్మానికి కుడిపక్కన నిలబడ్డ మాథ్యూ చేతులు జోడించి, "వందనాలయ్యగారూ," అన్నాడు. అయ్యగారు ఎదురుగా ఉన్న ఆటో వైపే చూస్తూ, "వందనాలు, వందనాలు," అనుకుంటూ వెళ్ళిపోయారు. అయ్యగారు ఈ మధ్య మనిషి మొహం చూడడం లేదని పాళెంలో ఒకరిద్దరు నొచ్చుకుంటున్నారు. మాథ్యూ నొచ్చుకునే రకం కాదు. వెనకే పోయి ఆటోలో ముందర, డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

నెల్లూరు మినీ బైపాస్ రోడ్డు మీదుంది ఆ మూడో షోరూము. గాజు తలుపు తీయగానే చల్లటి గాలి కొట్టింది. మెడలో టై కట్టుకున్న కిషోర్ బాబు అనే సేల్స్ అబ్బాయి ఎదురొచ్చాడు.

"రండి సార్, రండి మేడమ్. బాదంపాలు తెప్పించేదా? ఏ మోడల్ అనుకుంటుండారు సార్? ఇది చూడండి, మైలేజీ అరవై పైమాటే."

"మైలేజీ తర్వాత. బ్రేకులు చూపించు," అన్నాడు మాథ్యూ.

"ముందర డిస్కు సార్, వెనక డ్రమ్ము. ఒకటి నొక్కితే రెండూ పడతాయి."

"వానలో?"

"వానలో కూడా సార్."

"ఉప్పుగాలికి? మా పాళెంలో ఇనుము ఏడాది నిలవదు బాబూ."

"మూడు నెలలకోసారి సర్వీసుకి తెస్తే ఏమీ కాదు సార్." కిషోర్ బాబు నవ్వాడు. "సార్, మీరు బండి కొంటుండారా, బ్రేకులు కొంటుండారా?"

మాథ్యూ నవ్వలేదు. "బ్రేకులే కొంటుండా. వాటితో పాటు బండి కూడా ఇస్తానంటే తీసకపోతా."

ఆ మాటన్నాక నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. ఒక్కో బండి ముందు చక్రం దగ్గరా అలాగే కూర్చుంటూ, లివరు నొక్కి వదులుతూ, చక్రానికి చెవి ఆనించి వింటూ వరసంతా తిరిగాడు. కరుణాకుమారి చూడలేక మొహం తిప్పుకుంది. చేయని తప్పుకి ఆ మంచి మనిషి మోకాళ్ళ మీద దేకుతుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అయినా పని పనే. "సైలెన్సరు మరీ కిందికుండాది. మా దారంతా గుంతలు," అంది.

"దీన్నే ఎత్తుగా ఉండే మోడల్లో కూడా ఇస్తాం మేడమ్."

"చీర చక్రంలో పడకుండా ఆపే కమ్మీ చిన్నది."

"పెద్దది బిగిస్తాం మేడమ్."

"అద్దాలు గుండ్రంగా ఉండాయి."

"పలకలుగా ఉండేవి పెట్టిస్తాం."

లేదు, కాదు అనే మాటలు ఈ కుర్రాడికి ఎవరూ నేర్పినట్టు లేరు. ఆమె చూపు హారన్ మీట మీదికి పోయింది. నోరు తెరవబోయేసరికి కెజియా గుడ్లురిమింది. కరుణాకుమారి నోరు మూసేసుకుంది.

ఈలోగా టైటస్ గారు ఒక నల్లబండి ఎక్కి కూర్చున్నారు. రెండు చేతులూ హేండిల్ మీద ఆనించి, పెట్రోలు టాంకును అరచేత్తో ఒకసారి నిమిరారు. సైకిలు మొదలుకుని మోపెడ్డు దాకా ఆయన తొక్కినవన్నీ ఒకరు వాడి ఇచ్చినవే. సీటు మీది ప్లాస్టిక్ కాయితం కూడా చింపని బండి మీద కూర్చోవడం ఆయనకు జన్మలో ఇదే మొదటిసారి.

"ఇది నాకా మాథ్యూ?" అన్నారు.

"మీకే అయ్యగారూ. ఇంకెవరికి?"

కరుణాకుమారికి ఏడుపొచ్చింది. ఆ మొహం మీది సంతోషం అలాగే ఉండాలి, బండి మాత్రం రాకూడదు. రెండూ ఎలా కుదురుతాయి?

"ఒక రౌండు వేసి రండి సార్," అన్నాడు కిషోర్ బాబు. "లైసెన్సు ఒకసారి చూపిస్తే చాలు."

టైటస్ గారు జేబు తడుముకున్నారు. "పొద్దున ఇందులోనే ఉండాదే!"

"ఇంట్లో మర్చిపోయి ఉంటారు. ఇంకో రోజు వద్దాంలెండి," అంది కరుణాకుమారి. మరీ తొందరగా అంది.

"ఇంకో రోజెందుకమ్మగారూ? నాది రాసుకో బాబూ. మా అయ్యగారు బండెత్తుకొని పారిపోయే మనిషి కాదు." మాథ్యూ తన లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు.

కిషోర్ బాబు లోపలి గది వైపు ఒకసారి చూసి, "సరే సార్. సిగ్నల్ దాకా పోయి వచ్చేయండి," అని తాళం చేతికిచ్చాడు.

బండి గేటు దగ్గరికి చేరింది. ఇంజను స్టార్టయింది. కెజియా తల్లి మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మా, చెప్పు!" అంది. చెప్పాలనే కరుణాకుమారి రెండడుగులు ముందుకు వేసింది. అందరూ ఆమె వైపే చూశారు.

"నేనూ వస్తా," అంది.

మాథ్యూ మనసారా నవ్వాడు. "పోయి రండమ్మగారూ. ముచ్చటగా ఉంటుంది."

ఆమె వెనక ఒక పక్కకు కూర్చుని, భర్త భుజం పట్టుకుంది. గేటు దాటగానే ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఎడమపక్క ఆటో."

"చూసినాలే."

చూడలేదని ఆమెకు తెలుసు. ఆమె అన్నాకే హేండిల్ కదిలింది.

"కుడిపక్క బస్సు వస్తుండాది. పోనీయండి, పోనీయండి. ఇప్పుడు కదలండి."

బండి మెత్తగా సాగింది. "ఏందీ, మోపెడ్డా ఇది? వెన్న మీద పోతున్నట్టుండాది," అన్నారు టైటస్ గారు. "నువ్విట్టా చెప్తా ఉంటే మైపాడు సముద్రం దాకా పోతా కరుణా."

ఆ మాట ఆమెను పట్టుకుంది. నిజమే కదా! వెనక తను కూర్చుంటే చాలు. ఇంటింటి ప్రార్థనలకు ఆయనతో పాటు తనూ వెళ్తుంది. అమ్మగారికి సేవ మీద మనసయిందనుకుంటారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. నాలుగేళ్ళు ఇలాగే గడిచిపోతాయి. ఎనిమిది నెలలుగా రొమ్ము మీద కూర్చున్న బరువు దిగినట్టయింది. ఈ ఉపాయం ఇన్నాళ్ళూ తట్టలేదేమిటా అని తనలో తాను నవ్వుకుంది కూడా. ఆ సంబరంలో రెప్పపాటు సేపు నోరు కదపడం మర్చిపోయింది.

ఎడమపక్క సందులోంచి నిమ్మకాయల తోపుడుబండి రోడ్డెక్కింది.

"ఏమండీ!"

బ్రేకులు పడ్డాయి. కిషోర్ బాబు చెప్పినట్టే రెండూ ఒక్కసారే పడ్డాయి. అయినా హేండిల్ కొన తోపుడుబండి మూలకు తగలనే తగిలింది. తోపుడుబండి ఒరిగి, గంపెడు నిమ్మకాయలు రోడ్డు పొడవునా దొర్లాయి. తోస్తున్న ముసలామె చతికిలబడింది. ఆ పక్కనుంచి లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఓరి నీ బండి కాలిపోను! ఇంత మనిషిని, ఇంత బండిని! కళ్ళు కనపడలా నీకు?" అని ఆమె నడిరోడ్డు మీద కేకలు పెట్టింది.

టైటస్ గారు బండి దిగి, స్టాండు వేసి, ఆమె ముందుకొచ్చి నిలబడ్డారు.

"లేదమ్మా. కనపడలా," అన్నారు.

ఇంకో తిట్టు అందుకోబోతున్న ముసలామె ఆగిపోయింది. ఆయన మొహం వంక చూసింది. చూసిందేదో ఆమెకు అర్థమైంది. "నీకేం తగల్లేదు గదా పెద్దాయనా?" అంటూ తనే లేచి కుచ్చెళ్ళు దులుపుకుంది.

భార్యాభర్తలిద్దరూ నిమ్మకాయలు ఏరారు. ఆయన కాలి ముందున్నవి ఏరుతున్నారు. జానెడు పక్కనున్నవి వదిలేసి వెళ్తున్నారు. వాటిని కరుణాకుమారి వెనకాలే ఏరుకుంటూ వెళ్ళింది. అంతా అయ్యాక ఆయన రోడ్డు పక్కన కూలబడ్డారు.

"ఆమె నాకు అసలు కనపడలా కరుణా."

డాక్టరు చెప్పినప్పుడు వయసు వల్లేలే అని తోసేశారు. కాలవలో పడినప్పుడు మసక చీకటన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారి.

"తప్పు నాదండీ. ఒక్క క్షణం నోరు మూసుకున్నా. ఇంకెప్పుడూ మూసుకోను. చెప్తానే ఉంటా."

"ఆ ఒక్క క్షణానికే మనిషిని చంపుండేవాణ్ణి." ఆయన లేచారు. "నేను మళ్ళీ దీని మీద ఎక్కను. మాథ్యూ దగ్గరికి పోదాం పద."

బండిని తోసుకుంటూ నడిచి వెళ్ళారు. ఆయన ఎడమపక్క ఆమె నడిచింది.

వాళ్ళు గేట్లోకి రావడం చూసి మాథ్యూ పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే కెజియా వచ్చింది.

"ఏమైందయ్యగారూ? బ్రేకులు పట్టలేదా?"

"పట్టినాయి మాథ్యూ. ఇవీ పట్టినాయి, ఆ పాతవీ పట్టినాయి. నీ చేతి పనిలో ఏ లోపమూ లేదు." టైటస్ గారు బండి స్టాండు వేసి, రెండు చేతులూ జోడించారు. "నా కళ్ళకి పక్కలు కనపడవు. ఆ పొద్దు కాలవ గట్టు కనపడలా, పడినా. ఎనిమిది నెలలుగా ఇదే వరస. తెలిసీ నీకు చెప్పలేదు. నువ్వు కుమిలిపోతుంటే చూస్తా ఊరుకున్నా."

"బ్రేకులని అబద్ధమాడింది నేను మాథ్యూ గారూ. ఆయన కాదు," అంది కరుణాకుమారి.

తిడతాడనుకుంది. లేదా బరువు దిగినట్టు నిట్టూరుస్తాడేమో అనుకుంది. మాథ్యూ ఈ రెండూ చేయలేదు. భుజం మీది తువ్వాలు తీసి అరచేతులు తుడుచుకున్నాడు. మసి లేని చేతుల్నే పదే పదే తుడుచుకున్నాడు.

"ఎనిమిది నెలలా," అన్నాడు చివరికి.

"అవును."

"మరి మీరు కాలవలో పడేదాకా మా మెర్లిన్ని బడికి తీసకపోయి తెచ్చింది ఎవరయ్యగారూ?"

మెర్లిన్ మాథ్యూ కూతురి కూతురు. ఏడేళ్ళ పిల్ల. బడి రోడ్డు మీదుంది, అయ్యగారు వెళ్ళే దారే. రోజూ మోపెడ్డు ముందర నిలబెట్టుకుని తీసుకెళ్ళేవారు. ఆ పిల్లను ఎత్తి ఎక్కించింది కరుణాకుమారి చేతులే. పిల్ల ముందరుంటే ఆయన నిదానంగా పోతారులే అనుకునేది. అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతారు.

"మీరు పడిన రోజు పొద్దున కూడా మీ బండి మీదే పోయింది," అన్నాడు మాథ్యూ. గొంతు పెంచలేదు. "సాయంత్రం రావాల్సింది కూడా మీతోనే. ఒళ్ళు వెచ్చగా ఉండాదని వాళ్ళమ్మ పోయి పెందలాడే తెచ్చుకునింది గాబట్టి..."

టైటస్ గారు గోడను ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. బాదంపాల గ్లాసులు పట్టుకుని వస్తున్న కిషోర్ బాబు అక్కడే ఆగి, చప్పుడు చేయకుండా వెనక్కి పోయాడు.

"మీకు తెలుసా అమ్మగారూ? పిల్లని ఎక్కించేటప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు," అంది కరుణాకుమారి.

మాథ్యూ తల ఊపాడు. ఆటోను తనే పిలిచాడు.

"కెజియమ్మా, నాన్నని ఇంటికి తీసకపో. దిగేటప్పుడు చెయ్యి పట్టుకో, మెట్టు కనపడదు."

"మాథ్యూ..." అన్నారు టైటస్ గారు.

"కోపం లేదని చెప్తే అబద్ధమవుతుందయ్యగారూ. ఉండాది. మీరు ఇంటికి పోండి, నేను బస్సుకొస్తా." కరుణాకుమారి వైపు తిరిగాడు. "ఆదివారం సంఘం ముందర ఎవరు చెప్తారో మీరే చూసుకోండి. నా కూతురికి మాత్రం ఈ పూటే చెప్పాల. దాచి పెట్టుకుని దాని మొహం చూడలేను."

కరుణాకుమారి ఆటోలో ఒక కాలు పెట్టింది. లోపల భర్త కళ్ళు మూసుకునే ఉన్నారు. కెజియా ఆయన చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. కరుణాకుమారి పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"నువ్వు పోవే. నాన్నని చూసుకో," అని కూతురితో చెప్పి, మాథ్యూ ఎదుటికి వచ్చింది. "మీరు చెప్పబాకండి మాథ్యూ గారూ. నేను చెప్తా. నేనూ బస్సుకొస్తా."

ఆయన తువ్వాలు నెత్తిన వేసుకుని బస్టాపు వైపు నడిచాడు. నాలుగడుగుల వెనకగా ఆమె నడిచింది.

మైపాడు బస్సు రద్దీగా వచ్చింది. ఆయన ముందర తలుపు పక్కన నిలబడ్డాడు. ఆమెకు ఆడవాళ్ళ సీటు దొరికినా కూర్చోలేదు. మోపెడ్డు మూలన పడ్డప్పటి నుంచీ మెర్లిన్ని వాళ్ళమ్మే నడిపించుకొస్తోంది. నాలుగు గంటలకు బడి వదులుతారు. బస్సు ఆగేది ఆ గేటు ముందరే, వాళ్ళమ్మ వచ్చి నిలబడే చోటే. ఇంకో ముప్పావు గంట ఉంది.